జోక్ మీద ఫిర్యాదు ఇచ్చాను
ఈమధ్య ఆఫీసులో నేను వెళ్లేసరికి మా వాళ్ల మాటలు ఆగిపోతున్నాయి. "జాగ్రత్త, కంప్లైంట్ ఇచ్చేస్తారు" అని ఒకరంటే మిగతావాళ్లు నవ్వుతారు. పొలిటికల్ కరెక్ట్‌నెస్ పిచ్చి అని కూడా అన్నారట. అసలేం జరిగిందో రాస్తున్నాను.

మా టీమ్‌లో ఒకతనికి నత్తి. లెక్కల్లో అతన్ని మించినవాళ్లు మా దగ్గర లేరు. మీటింగ్‌లో అతను 'ప' దగ్గర ఆగితే చాలు, మా సీనియర్ ఒకాయన "ప్ప... ప్ప... పర్లేదు చెప్పు" అంటూ అందుకునేవారు. అందరూ గొల్లుమనేవారు. పోనుపోను అతను మీటింగుల్లో నోరు విప్పడమే మానేశాడు. చెప్పాల్సింది మెయిల్‌లో పెడితే ఇంకొకరు చదివి వినిపించి శభాష్ అనిపించుకునేవారు. నాకు ఒళ్లు మండింది అక్కడే.

ముందు ఆ సీనియర్‌తోనే విడిగా మాట్లాడాను. "సరదాకమ్మా, వాడూ నవ్వుతున్నాడుగా" అన్నారు. నవ్వక ఏం చేస్తాడు? అతని పనితీరు మీద రివ్యూ రాసేది ఆయనే. తర్వాతి మీటింగ్‌లో మళ్లీ అదే వరస.

అమెరికాలో థెరెసా హ్యారిస్ అనే మేనేజర్‌కి ఇలాగే జరిగింది. ఆడదానివంటూ కంపెనీ అధినేత చులకన చేసేవాడు, వెకిలి మాటలనేవాడు. 1987 ఆగస్టులో ఆమె నిలదీస్తే జోక్ చేశానన్నాడు, సారీ చెప్పాడు, మానేస్తానన్నాడు. సెప్టెంబరులో మళ్లీ మొదలుపెట్టాడు. అక్టోబరు 1న ఆమె జీతం చెక్కు తీసుకుని ఉద్యోగం వదిలేసింది. మనిషి మానసికంగా కుప్పకూలితేనే వేధింపు అనక్కర్లేదని 1993లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అయితే మనసు నొచ్చుకునే మాట ఒకటి దొర్లితే చాలదనీ అంది. ఎన్నిసార్లు జరిగింది, ఎంత తీవ్రంగా జరిగింది, అవమానపరిచేదేనా, పనికి అడ్డుపడిందా అన్నవి చూడాలంది. నాకిది న్యాయంగా అనిపిస్తుంది. నోరు జారిన ప్రతి మాటకీ ఫిర్యాదు ఇవ్వాలని నేనూ అనను.

ఫిర్యాదు ఇచ్చేముందు మా టీమ్‌లోని అతన్ని అడిగాను. "నా పేరుతో వద్దండీ" అన్నాడు, భయపడుతూ. ఒప్పుకునేదాకా ఆగి, చూసినదాన్నిగా నా పేరుతోనే ఇచ్చాను. ఏ తేదీ, ఏ మీటింగ్, ఎవరెవరున్నారు, ఆ సీనియర్ నోటి నుంచి వచ్చిన మాటలు ఉన్నవున్నట్టు. నా అభిప్రాయాలేవీ కలపలేదు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేయమనీ అడగలేదు. ఆ వెక్కిరింత ఆగాలి, అతని రివ్యూ ఇంకెవరైనా రాయాలి, అంతే అడిగాను.

రెండూ జరిగాయి. "అన్నేళ్ల సర్వీసున్న మనిషికి మచ్చ తెచ్చావు" అని ఒకావిడ నాతో మాట్లాడటం మానేశారు. ఆవిడా ఆ మీటింగుల్లో ఉన్నారు. హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి అడిగితే గుర్తులేదన్నారు. నాకు ఆయన మీద కన్నా ఆవిడ మీదే ఎక్కువ కోపంగా ఉంది.