గుండిగలో నీళ్లు

పర్లాకిమిడిలో మా ఇంటి పెరట్లో, కట్టెల పొయ్యి మీద ఒక ఇత్తడి గుండిగ ఉంటుంది. మా అత్త కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. పొయ్యి గట్టు జిడ్డు వదలాలన్నా, నులక మంచంలో నల్లులు చావాలన్నా, పురిటి గుడ్డలు ఉతకాలన్నా ఆమెకు ఒకటే మార్గం. గుండిగ నిండా నీళ్లు సలసల కాగాలి. పదిహేనేళ్లుగా ఆమెను చూసి నాకూ అదే అలవాటైంది. వేణ్ణీళ్లు పోస్తే ఇంట్లో ఏ పురుగూ మిగలదని గట్టిగా నమ్మాను. కిందటి వానాకాలం ఆ నమ్మకం వల్లే రెండు నెలలు మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేకుండా పోయింది.

మొదట దురద మా అబ్బాయికి వచ్చింది. వాడు హాస్టల్లో ఉండి చదువుకుంటాడు. మే నెలలో సెలవులకు వచ్చినప్పుడే మణికట్టు దగ్గర, వేళ్ల సందుల్లో చిన్న చిన్న పొక్కులున్నాయి. ఎండలకు చెమటకాయలు పేలాయనుకుని పౌడరు రాశాను. నెల రోజులు నా పక్కనే పడుకుని మళ్లీ హాస్టల్‌కి వెళ్లిపోయాడు. వాడు వెళ్లాక జూన్ చివరిలో నాకు మొదలైంది, వారం తిరక్కుండా అత్తకి. పగలు పనిలో పడితే అంత తెలిసేది కాదు. రాత్రి దీపం ఆర్పి పడుకున్నామో లేదో, వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ, చంకల దగ్గర రేగేది. గోళ్లతో గీరుకుంటూ ఉండగానే తెల్లవారేది.

బజారులో ఒక మందుల షాపులో చెయ్యి చూపించి ట్యూబు అడిగాను. రాసిన మూడు రోజులూ హాయిగా ఉంది. నాలుగో రోజుకి ముందుకన్నా ఎక్కువైంది. అందులో స్టెరాయిడ్ ఉందని, అది దురదను అణిచిపెట్టి జబ్బును లోపల పెరగనిస్తుందని నాకు తర్వాతే తెలిసింది.

ఇక ఇది ఇంట్లో ఉన్న మురికే అని తేల్చుకున్నాను. రోజుకి రెండు గుండిగలు కాచాను. వానకు తడిసిన కట్టెలు అంటుకోక పొగకి కళ్లు మండుతున్నా కాచాను. గచ్చు మీద, గడపల మీద, మంచం పట్టీల మీద, తలుపుల మీద మరుగుతున్న నీళ్లు పోసి చాకలి సోడాతో రుద్దాను. పల్చటి ప్లాస్టిక్ బుట్ట ఒకటి ఆ వేడికి వంకర తిరిగిపోయింది. బకెట్టు మోస్తుండగా తొణికి పాదం మీద బొబ్బ లేచింది. ఇంత చేసినా పక్క బట్టలు మాత్రం చన్నీళ్లలోనే ఉతికాను. రంగులు దిగిపోతాయని భయం. ఎక్కడ వేడి కావాలో అక్కడ తప్ప అన్నిచోట్లా పోశానన్నమాట.

ఒంటి మీద కూడా పోసుకున్నాను. వేపాకు వేసి కాచిన నీళ్లు, చెయ్యి పెట్టలేనంత వేడిగా. పోసుకుంటున్నంతసేపూ దురద పూర్తిగా ఆగేది. నన్ను మోసం చేసింది ఆ సుఖమే. అరగంట గడిస్తే ఒళ్లంతా మంట. చర్మం ఎండి పగిలి, గీరిన చోటల్లా పుండ్లు పడ్డాయి.

ఈ మధ్యలోనే రథయాత్ర వచ్చింది. మా ఆడపడుచు గుణుపురం నుంచి ఇద్దరు పిల్లలతో వచ్చి మూడు రాత్రులు ఉంది. అందరం ఒకే గదిలో, వరసగా చాపలు పరుచుకుని పడుకున్నాం. ఆమె చిన్న కూతురికి రెండేళ్లు. నా బొంతలోకి దూరి నిద్రపోయేది. నేను చేతులు కొంగు కింద దాచుకుని తిరిగాను. ఆమె అడిగితే అంట్ల సబ్బు పడలేదన్నాను. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జూలై నెలాఖరుకి కుడి మణికట్టు వాచి చీము పట్టింది, జ్వరం వచ్చింది. మా ఆయన తెల్లవారుజామున బస్సెక్కించి బరంపురం తీసుకెళ్లారు. చర్మం డాక్టరు గారు లైటున్న చిన్న భూతద్దం లాంటిది పెట్టి నా వేళ్ల సందు చూశారు. మా ఆయన్నీ చూడమన్నారు. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి వంకర గీత, దాని చివర నల్లటి చుక్క. ఆ చుక్క పురుగు. అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మంలో సొరంగం తవ్వుకుని రోజుకి రెండు మూడు గుడ్లు పెడుతుంది. వైద్యులు స్కేబీస్ అంటారు, మనం గజ్జి అంటాం. ఆ మాట వినగానే తల దించుకున్నాను.

"నా ఒంటి మీద వేలల్లో ఉంటాయా డాక్టరు గారూ?" అని అడిగాను.

"మామూలుగా పది పదిహేను ఉంటాయమ్మా, అంతే. వాటికీ వాటి గుడ్లకీ మీ ఒళ్లు పడక వచ్చేదే ఈ దురదంతా" అన్నారు. మొదటిసారి సోకిన వాళ్లకు దురద తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని చెప్పారు. అబ్బాయి వెళ్లిపోయాక నాకు ఎందుకు మొదలైందో అప్పుడు అర్థమైంది. నేను సిగ్గుపడుతున్నానని ఆయనకు తెలిసిపోయినట్టుంది. ఇది మురికి మనుషుల జబ్బు కాదని, ఏ సమయంలో చూసినా ప్రపంచంలో 20 కోట్ల మందికి పైగా దీనితో ఉంటారని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చిందని నిదానంగా చెప్పారు.

నేను గచ్చు మీద పోసిన నీళ్ల సంగతి చెబితే ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ పురుగు మనిషి ఒంటి మీద బతికేది. ఒళ్లు వదిలి బయటపడితే రెండు మూడు రోజుల కంటే బతకదు. నేలకు మామూలుగా ఊడ్చి తుడవడం చాలు. ఒంటికి మందు కావాలి, వేడి నీళ్లు పక్క బట్టలకు కావాలి. మందు కూడా ఇంట్లో దురద ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

చీముకు యాంటీబయాటిక్ ఇచ్చారు. అలాంటి పుండ్ల వల్ల ఒక్కోసారి కిడ్నీలకు ఇబ్బంది వస్తుందని మూత్రం పరీక్ష కూడా చేయించారు. అది బాగానే ఉంది. అయిదు శాతం పెర్మెత్రిన్ క్రీము, పెద్దవాళ్లకు బరువును బట్టి ఐవర్‌మెక్టిన్ మాత్రలు రాశారు. ఆ మాత్ర గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు మాత్రం ఇవ్వరని హెచ్చరించారు.

అబ్బాయిని హాస్టల్ నుంచి తీసుకురావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మందు ట్యూబులు అలమారలో ఉన్నాయి, నేను గీరుకుంటూ వాటి వైపు చూస్తూ కూర్చున్నాను. ఒక్కదాన్నే రాసుకుంటే లాభం లేదు కదా. మా ఆయన హాస్టల్ వాళ్లకు కూడా విషయం చెప్పారు. వాడి గదిలో పిల్లలందరికీ మందు వేయించారని తర్వాత తెలిసింది.

అంతకన్నా కష్టమైంది ఆడపడుచుకి ఫోన్ చేయడం. ఉన్నదున్నట్టు చెప్పాను, సబ్బు మాట అబద్ధమని కూడా చెప్పాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత, "చిన్నదానికి నాలుగు రోజుల నుంచి రాత్రిళ్లు నిద్ర లేదు వదినా. సున్నిపిండి పడలేదేమో అనుకుంటన్నాను" అంది. వాళ్లూ వెంటనే డాక్టరుకి చూపించుకుని ఆ వారమే మందు మొదలుపెట్టారు. పాపకి క్రీము ఒక్కటే.

అబ్బాయి వచ్చిన రాత్రి, అన్నాలయ్యాక, నలుగురం రాసుకున్నాం. మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, బొడ్డు, గోళ్ల కింద కూడా. గోళ్లు ముందే కత్తిరించాం. వయసు మళ్లినవాళ్లు తలకి కూడా రాసుకోవాలట. అత్త ఒప్పుకోలేదు. "ఈ వయసులో తలకి మందేటే నాకు?" అని గోడవైపు తిరిగి కూర్చుంది. మనవడు వెళ్లి పక్కన కూర్చుని, "నాకు నువ్వు రాయి, నీకు నేను రాస్తాను" అన్నాక గానీ తిరగలేదు.

పొద్దున్న గోరువెచ్చటి నీళ్లతో స్నానాలు. గుండిగ ఆ రోజు బట్టల కోసం కాగింది. అంతకు ముందు మూడు నాలుగు రోజుల్లో వాడిన దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు, లోపలి బట్టలు అన్నీ. 50 డిగ్రీలకు మించిన వేడిలో పది నిమిషాలు ఉంటే పురుగూ చస్తుంది, గుడ్డూ చస్తుంది. మా ఇంట్లో వేడి కొలిచేది ఏముంటుంది? కాగిన నీళ్లు టబ్బులో పోసి, పొడి బట్టలే కొన్ని కొన్నిగా వేసి, కర్రతో అదిమి, మూతపెట్టి అరగంట ఉంచాను. తడి బట్టలు ఒక్కసారే కుక్కితే నీళ్లు అప్పుడే చల్లారిపోతాయి. ఇంకో జాగ్రత్త కూడా నేర్చుకున్నాను. ఇప్పుడు మరిగే నీళ్లు మోయను. టబ్బునే పొయ్యి దగ్గర పెట్టుకుని చెంబుతో తోడి పోస్తాను, పిల్లల్ని పెరట్లోకి రానివ్వను.

ఉడకబెట్టలేనివి ఉంటాయి. పట్టుచీర, స్వెట్టర్లు, పాత చీరలతో అత్త కుట్టిన బొంతలు. వాటిని పెద్ద పాలిథిన్ కవర్లలో వేసి మూతి బిగించి కట్టేశాం. మనిషి ఒళ్లు తగలకపోతే అందులోని పురుగులు వాటంతట అవే చస్తాయి. మూడు రోజులు చాలన్నా నేను వారం ఉంచాను.

వారానికి మళ్లీ క్రీము, మళ్లీ గుండిగ. అయినా దురద తగ్గలేదు. చచ్చిన పురుగులు, గుడ్ల పెంకులు చర్మంలో ఉన్నంతకాలం, అంటే రెండు నుంచి నాలుగు వారాలు, దురద ఉంటుందని డాక్టరు గారు ముందే చెప్పారు. తెలిసి కూడా భరించడం వేరు. ఒక రాత్రి రెండు గంటలకు లేచి పెరట్లోకి వెళ్లి పొయ్యి ముట్టించాను. మా ఆయన వచ్చి ఏమీ అనకుండా కట్టెలు వెనక్కి లాగి, లోపలికి తీసుకెళ్లి క్యాలెండరు చూపించారు. మందు రాసిన తేదీ పక్కన రోజులు లెక్కపెట్టి గీతలు గీసి ఉంచారు. అది పదకొండో గీత.

ఇరవై మూడో గీత నాటికి నేను రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు. కొత్త పొక్కు రాలేదు. మణికట్టు మీద మచ్చ మాత్రం ఇంకా ఉంది.

వినాయక చవితికి ఆడపడుచు పిల్లలతో మళ్లీ వచ్చింది. వానలు కాస్త తెరిపిచ్చి ఎండ కాసింది. అత్త బొంతల్ని పెరట్లో తీగ మీద ఆరేసింది. సాయంత్రం చిన్నది వాటిలో నా బొంతను పోల్చుకుని, నేలమీద ఈడ్చుకుంటూ లోపలికి తెచ్చింది.