వంకర వెనక చక్రంలో, తిప్పింది ముందు టై రాడ్లు

స్టీరింగ్ కొంచెం కుడికి పట్టి ఉంచితేనే బండి తిన్నగా పోతోంది. చెయ్యి సడలిస్తే మెల్లగా ఎడమకి జరుగుతోంది. చక్రాల దిశ సరిచూసే అలైన్‌మెంట్ చేయిస్తే తెర మీద ముందు చక్రాలు రెండూ పచ్చగా చూపించాయి. రోడ్డెక్కాక మళ్లీ అంతే. ఇంకో షాపులో కుర్రాడు ముందు చక్రాల దిశ మార్చే కడ్డీలు, అంటే రెండు టై రాడ్లూ తిప్పేసి స్టీరింగ్ తిన్నగా చేసిచ్చాడు. హమ్మయ్య అనుకున్నాను గానీ, వెనక నుంచి సన్నగా ఒక హోరు మొదలైంది. వేగం అరవై దాటితే ఇంకా ఎక్కువ.

బేరింగ్ పోయిందన్నారు. బేరింగే అయితే మలుపులో బరువు ఒక పక్కకి పడినప్పుడు శబ్దం మారాలి. ఇక్కడ మారట్లేదు. వెనక టైర్లు ముందుకి మార్పించాను. హోరు కూడా ముందుకి వచ్చింది. అంటే గొడవ టైరులోనే.

అప్పుడు వెనక నుంచి వచ్చిన కుడి టైరు మీద అరచేయి వేసి నిమిరి చూశాను. లోపలి నుంచి బయటికి నిమిరితే నున్నగా ఉంది. బయటి నుంచి లోపలికి వస్తే రంపం పళ్ల మీద చెయ్యి పెట్టినట్టు గీరుకుంది. టో అవుట్ అయిన చక్రం, అంటే ముందు అంచు బయటికి తిరిగిన చక్రం వేసే ముద్ర ఇది. తికమక పెట్టిందేమంటే ఎడమ టైరుకీ అదే గీరుడు, కాకపోతే తక్కువ.

గుంటలో పడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వానాకాలంలో నూజివీడు వైపు వెళ్తూ నీళ్లు నిండిన గుంట నుంచి ముందు చక్రం తప్పించాను, కుడి వెనకది మాత్రం దభీమని పడింది.

"ఈ బండికి వెనక అడ్జస్ట్‌మెంట్ ఉండదు సార్" అని ప్రతి షాపులోనూ చెబుతారు. మాట నిజమే. స్విఫ్ట్, ఐ20, పోలోల మాదిరిగానే మా హ్యాచ్‌బ్యాక్‌కీ వెనక టార్షన్ బీమ్, రెండు వెనక చక్రాలనీ కలిపే ఒకే ఇనుప దూలం. ముందు టై రాడ్ తిప్పినట్టు తిప్పడానికి అక్కడ ఏమీ లేదు. తిప్పలేకపోతే కొలవడం కూడా మానేయాలా? వెనకది కొలవకుండా ముందు చక్రాలు మాత్రమే సరిచేస్తే, వెనక చక్రాలు ఎటు తోస్తున్నాయో యంత్రానికి తెలిసే దారే లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు చక్రాలకీ సెన్సర్లు తగిలించే చోట కొలిపించాను. గాలి సమానంగా పట్టించి, డిక్కీలో సామాన్లు తీయించాకే మొదలుపెట్టారు, మంచి పద్ధతి. కాగితం మీద ఎడమ వెనక టో 9 నిమిషాలు లోపలికి, కుడి వెనక టో 39 నిమిషాలు బయటికి. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 0°39′ అంటే 0.39 కాదు, 0.65 డిగ్రీలు. ఈ లెక్క దగ్గర చాలామంది బోల్తా పడతారు. రెండు చక్రాలూ కుడివైపే చూస్తున్నాయి కనుక థ్రస్ట్ యాంగిల్, అంటే వెనక చక్రాలు రెండూ కలిసి బండిని తోసే దిశ, 24 నిమిషాలు కుడికి. బండి తిన్నగా పోవాలంటే ముందు చక్రాలు కూడా కుడికే చూడాలి. అందుకే స్టీరింగ్ అలా పట్టుకోవాల్సి వచ్చింది.

ఎడమ టైరు ఎందుకు అరిగిందో కూడా ఇక్కడే తేలింది. వంగింది కుడి పక్కనే అయినా, బండి వెనక భాగం కొంచెం పక్కకి జరిగి నడుస్తూ ఆ తేడాని రెండు చక్రాలకీ పంచేస్తుంది. మొత్తం 30 నిమిషాల టో అవుట్‌లో చెరి పదిహేను. ఆ లెక్కన ఒక్కో టైరూ కిలోమీటరుకి నాలుగు మీటర్ల పైచిలుకు అడ్డంగా రుద్దుకుంటోంది. కుడి చక్రం క్యాంబర్ (నిలువు వాలు) కూడా మైనస్‌లోకి, అంటే పైభాగం లోపలికి, ఇంకాస్త పోవడంతో, దాని లోపలి అంచు మరింత తినేసింది.

కాగితం పట్టుకుని పక్క వీధిలోని మేస్త్రి దగ్గరికెళ్లాను. పెద్దాయన.

"టో ఒక్కటే పోతే రబ్బరు బుష్ అనుకుంటాం బాబూ. క్యాంబర్ కూడా ఆ పక్కనే పోయిందంటే ఏదో వంగినట్టే" అన్నాడు.

"బీమ్ మార్చాలా మేస్త్రి గారూ?"

"తొందరెందుకు? ముందుగా రిమ్ము చూద్దాం."

వెనక చక్రాలు రెండూ అటూ ఇటూ మార్చి మళ్లీ కొలిపించాడు. రిమ్ము వంకరైతే తేడా ఎడమకి రావాలి, రాలేదు. బీమ్ బుష్‌ల దగ్గర కడ్డీ పెట్టి కదిపి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. రెండు పక్కలా హబ్ మధ్యలకి సమదూరంలో దారం కట్టి, దారం నుంచి రిమ్ముకి ముందొక కొలత, వెనకొక కొలత తీశాడు. యంత్రం చెప్పిందే దారమూ చెప్పింది. ఆ తర్వాతే డ్రమ్ము విప్పి, నాలుగు బోల్టులు తీసి, చక్రం తిరిగే పొట్టి ఇరుసు, స్టబ్ యాక్సిల్, బయటికి తీశాడు. కొత్తదాని పక్కన పెడితే వంపు కంటికే కనబడింది. గుంట అంచు చక్రాన్ని వెనక్కీ పైకీ తన్నితే టో బయటికీ క్యాంబర్ లోపలికీ పోవడం సహజమే.

కొత్తది బిగించాక క్యాంబర్ ఎడమ పక్కతో కలిసింది. టో మాత్రం ఇంకా 6 నిమిషాలు బయటికే ఉంది, బీమ్ చివర కూడా రవ్వంత వంగి ఉండాలి. వేడిచేసి వంచేవాళ్లు ఉన్నారు గానీ ఆయన ఒప్పుకోలేదు, వేడి తగిలితే బీమ్ ఇనుములో సత్తువ పోతుందన్నాడు. స్టబ్ యాక్సిల్‌కీ బీమ్‌కీ మధ్య ఒక పక్క పలచగా ఉండే రేకు, షిమ్, పెట్టాడు. అది కూర్చునే చోట తుప్పు గీకించడానికే ఎక్కువసేపు పట్టింది. అక్కడ రవ్వ మట్టి ఉన్నా కొలత తప్పుతుంది. బిగించాక కుడి టో 8 నిమిషాలు లోపలికి వచ్చింది.

ముందు చక్రాలు ఆఖరున చేశారు. స్టీరింగ్ తిన్నగా కనబడటానికి అంతకుముందు తిప్పిన టై రాడ్లన్నీ వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

కుడి టైరు లోపలి అంచు 1.6 మిల్లీమీటర్ల టీడబ్ల్యూఐ గుర్తుకి (టైరు అరుగుదల హద్దు చూపే గుర్తు) దిగిపోయింది కాబట్టి తీసేయక తప్పలేదు. కొత్త జత వెనకకి వేయించి, ఎడమదాన్ని స్టెప్నీగా ఉంచాను.