కూర్చునే కారు

పొద్దున్నే పాలకోసం తలుపు తీస్తే మా కారు ఎడమపక్కకి ఒరిగి కూర్చుని ఉంది. వెనక చక్రం సగం లోపలికి దిగిపోయింది. కుడిపక్క మాత్రం రాత్రి ఎలా పెట్టానో అలాగే ఉంది. వాకిట్లో కళ్లాపి చల్లుతున్న అమ్మ ఒక్క చూపు చూసి, "ఒరేయ్, దానికి పక్షవాతం వచ్చినట్టుందిరా" అంది. కారు మా ఇంటికి వచ్చి అప్పటికి పదకొండు రోజులు.

నాది రాజోలు దగ్గర మోటార్ వైండింగ్ షాపు. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ల మోటార్లు కాలిపోతే నా దగ్గరికి తెస్తారు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది. రైతు చూసుకునేలోపు కాయిల్ మాడిపోతుంది. లేదంటే ఉప్పునీళ్లు దిగి బేరింగు పట్టేస్తుంది. సీజన్‌లో రోజుకి పది మోటార్లు వస్తాయి, అందులో సగం అప్పుమీదే. పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలు పట్టి అమ్మాక, ఇస్తామంటారు. ఇస్తారు కూడా. పంట పోతే మాత్రం వాళ్లనీ ఏమీ అనలేం, మనమూ బతకలేం.

ఈ కారు అలా వచ్చిందే. నాలుగు చెరువులున్న ఒకాయన నాకు లక్షా ఎనభై వేలు బాకీ. 2021లో ఆయనకి వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకి పోయాయి. ఒకరోజు షాపు ముందు కారాపి, తాళం నా బల్లమీద పెట్టి, "బాకీ ఇందులో కొట్టేసుకుని పైన నాలుగున్నర ఇయ్యండి. మీ చేతిలో పనుంది, మీ దగ్గరైతే బాగుంటుందండి" అన్నారు. ఆ రెండో మాటకి నేను పొంగిపోయాను. ఆ మాటకి అర్థం తర్వాత తెలిసింది.

కారు జర్మనీ సెడాన్. 2010 మోడల్, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిను. కంపెనీ పేరు రాయను. నేను పడ్డ తిప్పలు కంపెనీవి కావు, వయసువి. కొత్తప్పుడు అరకోటి బండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. దాంతో అక్కడ పదేళ్లకి దగ్గర పడ్డ పెద్ద కార్లు చవగ్గా బయటికి వచ్చాయి. మా రైతు అలా తెప్పించుకున్నదే ఇది. లైఫ్ ట్యాక్స్ మనం కొన్న ధరమీద ఉంటుందనుకున్నారట ఆయన. కాదు, బండి కొత్తప్పటి ధరమీద లెక్కకట్టి, వయసునిబట్టి శాతం తగ్గిస్తారు. ఆ దెబ్బ ఆయనే తిన్నారు కాబట్టి బండి నా పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలతో నాకు పనైపోయింది.

మా ఆవిడ అడిగింది ఒకటే. ఆరు లక్షల ముప్పై వేలకి కొత్త చిన్నకారు వస్తుంది కదా అని. నా దగ్గర జవాబు లేదు. పక్కనే ఉన్న మెకానిక్ కుర్రాడు నా తరఫున మాట్లాడబోయి, "కారు ధర పడిపోద్దక్కా, స్పేరు ధర పడదు" అనేశాడు. వాడికి ఆరోజు మా ఇంట్లో టీ రాలేదు.

సరే, కూర్చున్న కారు దగ్గరికి వద్దాం. దీనికి మామూలు స్ప్రింగులు ఉండవు. ప్రతి చక్రం దగ్గరా గాలి నింపిన రబ్బరు సంచి ఉంటుంది. చిన్న కంప్రెసర్ ఒకటి గాలి కొడుతూ బండిని ఒకే ఎత్తులో నిలబెడుతుంది. విజయవాడలో ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, బండి చూడకుండానే వెనక రెండు సంచులూ కంప్రెసరూ మార్చాలి, రెండు లక్షల డెబ్బై వేలు అన్నారు. ఫోన్ పెట్టేసి షాంపూ నీళ్లు కలిపాను.

ఈ రకం బండికి జాకీ ఎత్తేముందు లోపల జాకీ మోడ్ పెట్టాలి. లేకపోతే బండి తనంతట తాను ఎత్తు సరిచేసుకోబోతుంది. కింద స్టాండు లేకుండా చెయ్యి కూడా పెట్టకూడదు, గాలి పోతే బండి మీదికి దిగుతుంది. చక్రం విప్పి షాంపూ నీళ్లు కొట్టాను. పైన ఏమీ లేదు. కింద రబ్బరు లోపలికి మడుచుకునే చోట టార్చి వేసి చూస్తే ఆవగింజంత బుడగలు, ఒకదాని వెనక ఒకటి, తీరిగ్గా. మడతపడ్డ చోట రబ్బరు ఎండి సన్నగా పగుళ్లిచ్చింది. పంక్చరు షాపులో తొట్టెలో ట్యూబు ముంచి చూడటం ఎంతో ఇదీ అంతే.

ఒక్క సంచి మార్చి ఊరుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ అసలు నష్టం పక్కన జరుగుతుంది. సంచి కారుతుంటే కంప్రెసర్ మాటిమాటికీ నింపుతుంది. అది కొద్ది నిమిషాలు తిరిగి ఆగాల్సిన మోటారు, చెరువు మోటార్‌లా రాత్రంతా తిరిగేది కాదు. విప్పి చూస్తే కార్బన్ బ్రష్‌లు కందిపప్పంత మిగిలాయి. పిస్టన్ రింగు అరిగిపోయింది. గాలిలో తేమ పీల్చడానికి ఒక డబ్బాలో గుళికలు పోసి ఉంటాయి, అవి పటికబెల్లంలా గడ్డకట్టాయి. ఢిల్లీ గాలికి ఎన్నాళ్లు నిలిచేవో గానీ, ఇక్కడ అప్పడం డబ్బా మూత పెట్టడం మరిచిపోతే సాయంత్రానికి మెత్తబడే ఊరు. ఆ గుళికలని వార్నిష్ ఆరబెట్టే ఓవెన్‌లో పెట్టి చూశాను, పొడైపోయాయి. కొత్త గుళికలు, రింగు, బ్రష్‌లు, ఎడమ సంచి తెప్పించాను. కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చి, రిలే కూడా మార్చాను. దాని పాయింట్లు అతుక్కుంటే ఇంజిను ఆపినా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. మొత్తం ముప్పై ఒక్క వేలు, నా కూలి కాకుండా. మర్నాడు పొద్దున కారు నాలుగు కాళ్లమీదా సమానంగా నిలబడింది. అమ్మ ఏమీ అనలేదు, దిష్టి తీసింది.

కోనసీమలో ఇలాంటి బండికి రోడ్డుకంటే నీళ్లతో తంటా ఎక్కువ. నీళ్లంటే గోదావరి ఒక్కటే కాదు. మొదటి వానాకాలం కారులో పాత గోనెసంచి వాసన మొదలైంది. ఏసీ అనుకుని ఫిల్టరు మార్చాను. పోలేదు. ఒకరోజు డ్రైవరు పక్క సీటు దగ్గర కాలు పెడితే కార్పెట్టు చప్పుడు చేసింది. నొక్కితే నీళ్లు. పైన సన్‌రూఫ్ చుట్టూ ఉన్న కాలవలో పడ్డ వాన, నాలుగు మూలల్లోంచి సన్నటి గొట్టాల ద్వారా కిందికి పోవాలి. మా వాకిట్లో కొబ్బరిచెట్లు. గెల విచ్చుకున్నప్పుడు రాలే సన్నటి పూత అచ్చం వడ్లగింజల్లా ఉంటుంది, ఆ గొట్టంలో సరిగ్గా పడుతుంది. దారి మూసుకుపోయి నీళ్లు లోపలికి దిగాయి. దారుణం ఏమిటంటే ఈ బండ్లలో కార్పెట్టు కింద నురుగు, ఆ నురుగు పక్కనే ఎలక్ట్రానిక్ పెట్టెలు. పైకి ఆరినట్టే ఉంటుంది, కింద స్పాంజి నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది.

సీట్లు విప్పి కార్పెట్టు మొత్తం డాబామీదికి ఎక్కించాను. ఒకపక్క అది, ఒకపక్క అమ్మ పెట్టిన గుమ్మడి వడియాలు, మధ్యలో కాకుల్ని తోలుతూ నేను. నాలుగు రోజులు పట్టింది. గొట్టాలు శుభ్రం చేయడానికి గడ్డికోత మిషన్‌కి వాడే నైలాన్ తీగకన్నా మంచిది లేదు. గట్టిగా గాలి కొట్టకండి, లోపల గొట్టం ఊడిపోతే సీలింగంతా విప్పాలి. ఇప్పుడు కొబ్బరి దింపు అయిన మర్నాడల్లా నాకు అదొక పని. చెట్టు కింద కారు పెట్టొచ్చా అని అడిగేవాళ్లకి చెప్పేదొకటే, మా ఊళ్లో చెట్టు లేని నీడ ఎక్కడుందో చూపించండి. నేను ఇనుప గొట్టాలతో షెడ్డు వేసి పైన వల కట్టాను. రెండు కాయలు, ఒక మట్ట ఆ వల ఆపింది.

2022 జులై వరద సంగతి రాయకపోతే ఈ కారుకి అన్యాయం చేసినట్టే. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ ఏడు నీరు దాన్ని దాటి ఇంకా పైకి వెళ్లింది, బ్యారేజి నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. మా వీధిలోకి నీళ్లు రాకముందే కారుని ఏటిగట్టు ఎక్కించాను. అప్పటికే అక్కడ గేదెలు, మంచాలు, గ్యాస్ బండలు. తెలిసినవాళ్లెవరో దూడని మా వెనక చక్రానికి కట్టేశారు. అమ్మ వెనక సీట్లో నాలుగు రాత్రులు పడుకుంది. పక్షవాతం కారు అన్న మనిషే వచ్చినవాళ్లకి "తోలు సీటమ్మా, మెత్తగా ఉంటుంది" అని చోటిచ్చింది.

కరెంటు లేదు, కాబట్టి వీధివాళ్లందరి ఫోన్లూ మా కారుకే ఛార్జింగ్ పెట్టారు. మూడో రోజు బ్యాటరీ చచ్చిపోయింది. ఇక్కడ తమాషా చూడండి. బ్యాటరీ డిక్కీలో ఉంది, డిక్కీ తెరవాలంటే కరెంటు కావాలి. రిమోట్ తాళంలో దాక్కున్న చిన్న ఇనుప తాళంతో డ్రైవరు తలుపు తీసి, బానెట్ తీసి, లోపల ప్లస్, మైనస్ అని గుర్తులున్న బొడిపెలకి ట్రాక్టరు బ్యాటరీ తగిలించాం. స్టార్టయింది. ఆ తర్వాత కొత్త బ్యాటరీ వేశాక, మార్చిన సంగతి స్కానర్‌తో కారుకి చెప్పాలి. చెప్పకపోతే అది ఇంకా పాత ముసలి బ్యాటరీయే ఉందనుకుని ఛార్జింగ్ చేస్తుంది.

గేర్‌బాక్స్ ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదని కొందరు చెబుతారు. ఎవరి జీవితాంతమో చెప్పరు. గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లలోపు లేదా ఎనిమిదేళ్లకి మార్చమంటుంది. నేను లక్షా పదివేల దగ్గర మార్చాను. ఇంజిను నడుస్తుండగా ఆయిలు వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే లెవెల్ చూడాలి. వైండింగు వేడి చూసే టెంపరేచర్ గన్ అక్కడ పనికొచ్చింది. ఇంజెక్టర్లు, టైమింగ్ చెయిన్ జోలికి నేను పోను. వాటికి విజయవాడే, చెప్పినంత కట్టి రావడమే.

నరసాపురం వెళ్లాలంటే చించినాడ వంతెన మీదుగా పోవచ్చు. కానీ నాకు సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లని గోదావరి దాటించే పడవ, ఎక్కించడం ఇష్టం. బల్లమీదికి ఎక్కేటప్పుడు ఇలాంటి పొట్టికారుకి ముందు బంపరు గీసుకోవాలి. రేవుకి రాగానే మీట నొక్కితే బండి మెల్లగా లేస్తుంది, ముసలాయన చేతికర్ర పట్టుకుని లేచినట్టు. పంటు కుర్రాళ్లు ప్రతిసారీ చూస్తారు, నేను ప్రతిసారీ చూడనట్టు ఉంటాను.

పోయిన నెల ఆ రైతు మళ్లీ షాపుకొచ్చారు. ఇప్పుడు రెండు చెరువులే చేస్తున్నారు. ఆటోలోంచి కాలిన మోటారు దింపించి, నాతో మాట్లాడకుండా నేరుగా కారు వెనక్కి వెళ్లి, ఎడమ మూల అరచేత్తో నొక్కి చూశారు.

"ఇంకా కూర్చుంటోందాండి?"

"లేదండి, బాగుచేసేశా. మీకు తెలుసా?"

"ఆయ్, నా దగ్గర రోజూ కూర్చునేదండి. పొద్దున్నే మీరెవరూ చూడకముందే స్టార్ట్ చేసి లేపేవాణ్ని."

"మరి చెప్పలేదేంటండి?"

"మీరడగలేదు కదండి" అని, మోటారు వైపు చూపించి, "ఇది మాత్రం నగదేనండి" అన్నారు.