జరీలో కరెంటు

బెర్లిన్‌లో నేను చేసేది కుట్టుపనే. కాకపోతే పువ్వులూ లతలూ కాదు, సర్క్యూట్లు కుడతాను. డాన్సర్లు వేసుకునే బిగుతు సూట్లలో వెండి పూత ఉన్న నైలాన్ దారంతో సెన్సార్లు కలపాలి. మోచెయ్యి వంగితే అక్కడి పట్టీ సాగి రెసిస్టెన్స్ మారుతుంది. నడుం దగ్గరున్న చిన్న బోర్డు ఆ లెక్కని నెట్‌లోకి పంపుతుంది. ఇంకో దేశంలో తెరమీది బొమ్మ చెయ్యి వంచుతుంది.

ఆ దారం మహా జారుడు. ముడి వేసినా వదులైపోతుంది, అందుకే ప్రతి ముడి మీదా రంగులేని నెయిల్ పాలిష్ చుక్క పెడతాం. అసలు తలనొప్పి చెమట. ఉప్పునీరు కదా, పక్కపక్క దారాలను కలిపేస్తుంది, బొమ్మ పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. షో రోజున నా టెన్షనంతా చంకల దగ్గరే. ఒడిశాలోని మా ఊరు బరంపురంలో జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్రలో పులివేషం కట్టేవాళ్ళకి ఈ సూటు తొడిగితే వీధి చివరిదాకా కూడా పనిచెయ్యదు.

యాత్రకి ఇంటికెళ్ళినప్పుడు చిన్నాన్నకి, తన ఒంటినే కళగా ప్రదర్శించే ఆస్ట్రేలియా కళాకారుడు స్టెలార్క్ సంగతి చెప్పాను. 1995లో ఆయన లక్సెంబర్గ్‌లో నిలబడితే, పారిస్, హెల్సింకి, ఆమ్‌స్టర్‌డామ్‌లలో ఉన్నవాళ్ళు నెట్ ద్వారా కండరాలకు కరెంటు పెట్టి ఆయన ఒళ్ళు కదిలించారు. "డబ్బులిచ్చి మరీ చూస్తారా?" అన్నాడు చిన్నాన్న.

పోస్టర్ల మీద కుట్టినవాళ్ళ పేర్లు వెయ్యరని కూడా చెప్పాను. మేం దేవాంగులం, తరాలుగా బరంపురం పట్టు నేస్తున్నవాళ్ళం. ఏ చీర మీదా మా పేరు లేదు కాబట్టి ఆయనకది వింతగా అనిపించలేదు. నాకు మాత్రం కడుపుమంటే.

ఆయన్ని కదిలించింది వేరే సంగతి. 1990ల చివర్లో అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో రెహ్మీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ బట్టలోనే సర్క్యూట్ చెయ్యడానికి వాడినవాటిలో మన దేశపు పట్టు ఆర్గంజా ఒకటి. దాని పేకలో పట్టుదారానికి సన్నటి రాగి రేకు చుట్టి ఉంటుంది. "అంటే మన జరీ పనేగా!" అంటూ పెట్టెలోంచి నాయనమ్మ పట్టుచీర తీయించాడు. కరెంటు పారితే కూసే మల్టీమీటర్ ముళ్ళు అంచు మీద ఆనించగానే కుయ్యిమంది. మగ్గం మీదున్న కొత్త అంచుకి ఉలుకూ పలుకూ లేదు. అది ప్లాస్టిక్ జరీ.

"ఆ మీటరు ఇక్కడ వదిలి వెళ్ళమ్మా. జరీ అమ్మేవాడి సంగతి చూస్తాను."

"రాగి జరీకి కూడా కూస్తుంది చిన్నాన్నా, వెండో రాగో చెప్పలేదు."

"ప్లాస్టిక్ అయితే కుయ్యనదుగా. చాల్లే."