మా గేమింగ్ పీసీకి మళ్ళీ డబ్బు పెట్టాలా?

మా ఇంట్లో ఉన్న గేమింగ్ పీసీ 2018 నవంబరులో తీసుకున్నది. మొదటి ఉద్యోగంలో ఏడాది పాటు దాచుకున్న డబ్బుతో, నేనూ తమ్ముడూ కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీలో ఒక శనివారమంతా షాపు షాపుకీ తిరిగి కొటేషన్లు రాయించుకుని, చివరికి ఒకచోట అసెంబుల్ చేయించి, ఆటోలో ఆ క్యాబినెట్‌ని ఇద్దరి ఒళ్ళో పెట్టుకుని కూకట్‌పల్లి తెచ్చుకున్నాం. రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, జీటీఎక్స్ 1060 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ఇప్పుడు వాడు పుణెలో ఉన్నాడు, పీసీ నా దగ్గరుంది. శనివారం రాత్రి పదిన్నరకి ఇద్దరం కౌంటర్‌స్ట్రైక్ అనే ఆన్‌లైన్ కాల్పుల ఆటలో కలుస్తాం. వారం మొత్తంలో మేం తీరిగ్గా మాట్లాడుకునేది ఆ రెండు గంటలే. అందుకే ఇది ఎలా పోతే అలా పోనీ అని వదిలేయలేను.

తేడా మొదలైంది 2023 సెప్టెంబరులో, ఆ ఆట పాత వెర్షన్ సీఎస్‌గో స్థానంలో కౌంటర్‌స్ట్రైక్ 2 వచ్చాక. సీఎస్‌గో ఈ పీసీ మీద నీళ్ళలా నడిచేది. కొత్తదానిలో ఒంటరిగా నడుస్తుంటే బాగానే ఉంటుంది, ఐదారుగురు ఒకచోట చేరి కాల్చుకోవడం మొదలుపెట్టగానే బొమ్మ క్షణం పాటు ఆగుతుంది, మళ్ళీ కదిలేసరికి నేను చచ్చిపోయి ఉంటాను. "అక్కా, మళ్ళీ ఆగిందా?" అని వాడు అడగడం, "ఆగిందిరా" అని నేననడం, రెండేళ్ళుగా ఇదే.

ఈ జనవరిలో ఒక షాపుకెళ్ళి అడిగాను. వివరాలు పూర్తిగా వినకుండానే "పాతదైపోయింది మేడం, మొత్తం మార్చేయండి" అని కొటేషన్ చేతిలో పెట్టారు. లక్షా పదిహేను వేలు. కొత్త ప్రాసెసర్ అంటే కొత్త బోర్డు, కొత్త బోర్డు అంటే డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్, అంటే నా పాత ర్యామ్ దేనికీ పనికిరాదు. పైగా ర్యామ్ కొనడానికి ఇంతకంటే చెడ్డకాలం లేదు. తయారీ కంపెనీలు ఏఐ సర్వర్లకు కావాల్సిన మెమరీ వైపు మళ్ళడంతో మామూలు ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి ఎగబాకాయి, వాటిలో ఒకటైన మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో మనలాంటి వాళ్ళకి ర్యామ్ అమ్మే క్రూషియల్ బ్రాండు అమ్మకాలనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కొటేషన్ చూసి అమ్మ "పనిచేస్తోంది కదే, ఎందుకు మార్చడం" అంది. పనిచేయడం వేరు, సరిగ్గా పనిచేయడం వేరు అని అమ్మకి చెప్పాను గానీ, అసలు ఏ భాగం సరిగ్గా పనిచేయట్లేదో నాకూ తెలియదని అప్పుడే అనిపించింది.

ముందు శుభ్రం చేద్దామని పక్క తలుపు విప్పాను. ముందువైపు జాలీ మీద దుమ్ము దుప్పటిలా పేరుకుపోయింది, గోరుతో లాగితే పొరగా ఊడొచ్చింది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేరవేసే పేస్టు కూడా మారుద్దామని కూలర్ స్క్రూలు నాలుగూ విప్పి పైకి లాగితే, పేస్టు ఎండి బంకలా పట్టేసి ఉండటంతో, సాకెట్ లివర్ ఎత్తకుండానే ప్రాసెసర్ ఊడి కూలర్‌తో పాటే వచ్చేసింది. గుండె ఆగినంత పనైంది. నా బోర్డులో ఉన్న సాకెట్ రకం పేరు ఏఎం4, దానిలో కూర్చునే ప్రాసెసర్ల కింద 1331 పిన్నులుంటాయి, వెంట్రుకల్లాంటివి, వాటిలో మూలన రెండు పక్కకి వాలిపోయాయి. టేబుల్ లైటు దగ్గరికి లాక్కుని, నొక్కితే ములుకు బయటికొచ్చే మెకానికల్ పెన్సిల్లోంచి ములుకు తీసేసి, ఆ ఖాళీ మొనని పిన్ను మీద తొడిగి కొంచెం కొంచెంగా నిలబెట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది. మీరెవరైనా ఈ పని చేస్తుంటే ముందు ఒక పదిహేను నిమిషాలు గేమ్ ఆడి వేడెక్కనిచ్చి, ఆఫ్ చేసి ప్లగ్ తీసేసి, కూలర్‌ని పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి, దయచేసి.

వేడి 84 నుంచి 66 డిగ్రీలకు దిగింది. ఆగడం మాత్రం పోలేదు.

అప్పుడు ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాం వేసి, ఆట నడుస్తుండగా ఏది ఎంత పనిచేస్తోందో స్క్రీన్ మూలన కనిపించేలా పెట్టుకున్నాను. బొమ్మ ఆగే సమయంలో గ్రాఫిక్స్ కార్డు వాడకం 60 శాతం కూడా లేదు. కార్డుదే తప్పైతే అది 98, 99 దగ్గర ఉండాలి. రెజల్యూషన్ 1080 నుంచి 720కి దించి చూశాను, ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు చూపిస్తుందనే లెక్క) అంతే, ఒక్కటీ పెరగలేదు. కార్డు మీద బరువు తగ్గించినా ఫలితం మారలేదంటే ఆగుతున్నది ప్రాసెసర్ దగ్గరన్నమాట. మొత్తం ప్రాసెసర్ వాడకం 50 శాతమే చూపిస్తుంది, అది చూసి చాలామంది మోసపోతారు, నేనూ మోసపోయాను. పన్నెండు థ్రెడ్లలో (ప్రాసెసర్ ఒకేసారి నడపగల పనుల వరసల్లో) ఒకటి రెండు నిండిపోయి మిగతావి సగం కూడా పనిచేయకపోతే సగటు 50 రావడంలో వింతేముంది.

అలా వెతుకుతుంటే ఇంకోటి దొరికింది. టాస్క్ మేనేజర్లో మెమరీ పేజీ తెరిస్తే స్పీడ్ 2133 అని ఉంది. నేను డబ్బు పెట్టి కొన్నది 3000 ర్యామ్! బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకుండానే అసెంబుల్ చేసిచ్చారు, ఏడేళ్ళు అలాగే నడిచింది. రైజెన్‌లో లోపలి భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వేగం ర్యామ్ వేగానికి కట్టుబడి ఉంటుంది కాబట్టి ఇది చిన్న నష్టం కాదు. 3000 పెడితే బూట్ అవలేదు, 2933 దగ్గర నిలబడింది. 40ల్లోకి పడిపోయే ఎఫ్‌పీఎస్ 55 దగ్గర ఆగుతోంది ఇప్పుడు, పైసా ఖర్చు లేకుండా. ఇది చదివాక ఇంకేం చేయకపోయినా సరే, మీ పీసీలో ఆ ఒక్క అంకె చూసుకోండి.

అయినా ప్రాసెసర్ మార్చాలనే నిర్ణయానికొచ్చాను, దానికి ఆట ఒక్కటే కారణం కాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో 1600 లేదు. ఈ పీసీలోనే నా బ్యాంకు పనులన్నీ. ఏఎం4లో ఉన్న మంచితనం ఏంటంటే, రైజెన్ తయారుచేసే ఏఎండీ 2022లో బీ350 లాంటి పాత బోర్డులక్కూడా రైజెన్ 5000 సిరీస్ సపోర్ట్ ఇచ్చింది. రైజెన్ 5 5600 పదివేల పైచిలుకు. అదీ ఆరు కోర్లే, పన్నెండు థ్రెడ్లే, 65 వాట్లే, కానీ 1600 గరిష్ఠంగా 3.6 గిగాహెర్ట్జ్ వెళ్తే ఇది 4.4 వెళ్తుంది. 1600లో 16 ఎంబీ క్యాష్ మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) రెండు ముక్కలుగా ఉంటే, దీనిలో 32 ఎంబీ మొత్తం ఆరు కోర్లకీ ఉమ్మడి. కౌంటర్‌స్ట్రైక్ లాంటి ఆటకి కావాల్సింది సరిగ్గా అదే.

గ్రాఫిక్స్ కార్డు సంగతి వేరు. రే ట్రేసింగ్ (వెలుగు దారిని లెక్కగట్టి బొమ్మ గీయడం) హార్డ్‌వేర్ లేకపోతే అసలు తెరుచుకోని కొత్త గేములు వస్తున్నాయి, పైగా ఎన్విడియా 2025 అక్టోబరుతో నా 1060 ఉన్న 10 సిరీస్‌కి కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేసింది, 2028 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఇస్తుంది. మార్చాలి, నిజమే. కానీ నేను ఆడే ఆటలో అది 60 శాతమే కష్టపడుతుంటే ఈ నెలలోనే దాన్ని తీసేయాల్సిన అవసరం నాకు కనిపించలేదు. సెకండ్ హ్యాండ్ కార్డులూ చూశాను గానీ క్రిప్టో మైనింగ్‌లో ఎంత అరిగిందో తెలియని కార్డుకి వారంటీ లేకుండా డబ్బివ్వడం నాకు ఇష్టం లేదు.

మొన్న ఆదివారం మార్చేశాను. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, లేకపోతే కొత్తదాన్ని బోర్డు గుర్తుపట్టదు. ఆ మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే, అందుకని యూపీఎస్‌కి పెట్టి, అమ్మని మోటారు వేయొద్దని చెప్పి మరీ చేశాను. ఈసారి కూలర్ తిప్పి తీశాను. పిన్నులన్నీ నిటారుగానే ఉన్నాయి.

నిన్న రాత్రి తమ్ముడితో మూడు మ్యాచులాడాను, ఎఫ్‌పీఎస్ 90 కిందికి దిగలేదు. రెండో మ్యాచు మధ్యలో వాడే అడిగాడు, "అక్కా, ఈరోజు ఒక్కసారి కూడా ఆగలేదేంటి?" అని. అప్పుడు చెప్పాను. పాత 1600ని దాని ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి ఉంచాను, ఇంటర్ చదువుతున్న మా పిన్ని కొడుకు పీసీ కట్టుకుంటానంటున్నాడు, వాడికిస్తాను. కార్డు దసరాకి చూస్తాను. దాంతోపాటే పవర్ సప్లై కూడా మార్చాలి, దానికీ ఏడేళ్ళు దాటాయి.