జూలై నాలుగు ఎవరెవరిది

అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మన ఇళ్లల్లో ఏడాదికి రెండు స్వాతంత్ర్య దినాలు. జూలై 4న ఊళ్లో పరేడ్, ఫైరింజన్ల వెనక సైకిళ్ల మీద పిల్లలు, రాత్రికి బాణసంచా. ఆగస్టులో ఒక ఆదివారం న్యూజెర్సీలోని ఓక్ ట్రీ రోడ్డు మీద ఇండియా డే పరేడ్, ఆ తర్వాత బిర్యానీ. మొదటిది పిల్లలది, వాళ్ల బడిది, వాళ్ల స్నేహితులది. రెండోది మనం చీరా కుర్తా తొడిగి తీసుకెళ్లేది. పిల్లల మనసులో ఇవి పక్కపక్కనే ఉన్న రెండు గదులు, మధ్యలో తలుపు లేదు. ఆ తలుపు జూలై 4లోనే ఉందని నాకు కొన్నేళ్లుగా గట్టి నమ్మకం.

తేదీలు చూడండి. 1776 జూలై 4న ఫిలడెల్ఫియాలో స్వాతంత్ర్య ప్రకటనకు ఆమోదం పడింది. 1897 జూలై 4న విశాఖపట్నం దగ్గర పాండ్రంగిలో అల్లూరి సీతారామరాజు పుట్టాడు. 1902 జూలై 4న బేలూరు మఠంలో వివేకానందులు 39 ఏళ్లకే వెళ్లిపోయారు. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. 1963 జూలై 4న మన జెండాకు రూపం ఇచ్చిన పింగళి వెంకయ్య గారు కన్నుమూశారు.

ఇందులో దైవసంకల్పం వెతకమని పిల్లలకు నేను చెప్పను. అలా వెతికినవాళ్లు అమెరికాలోనూ ఉన్నారు. 1826 జూలై 4న, ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, థామస్ జెఫర్సన్ మధ్యాహ్నం వర్జీనియాలో, జాన్ ఆడమ్స్ సాయంత్రం మసాచుసెట్స్‌లో చనిపోయారు. ఐదేళ్ల తర్వాత అదే తేదీన జేమ్స్ మన్రో. ముగ్గురూ అధ్యక్షులుగా చేసినవాళ్లే. దేశమంతా ఇది దేవుడి సంతకం అనుకుంది. ఏడాదికి ఉన్నవి 365 రోజులే కాబట్టి ఏ తేదీ తవ్వినా పుట్టుకలూ చావులూ బయటపడతాయి. కలిసి రావడానికి దానంతటదే అర్థమేమీ లేదు. కానీ ఊరంతా స్వేచ్ఛ గురించి మాట్లాడుకునే రోజున మనకూ చెప్పుకోవలసినవి ఇన్ని ఉన్నాయంటే, వాటిని చెప్పకుండా వదిలేయడం నాకు చేతకాదు.

మేముండేది న్యూజెర్సీలో. ఫిలడెల్ఫియా కారులో దగ్గరే. రెండేళ్ల క్రితం వేసవిలో పిల్లలిద్దర్నీ ఇండిపెండెన్స్ హాల్‌కి తీసుకెళ్లాం. పెద్దదానికి అప్పుడు పద్నాలుగు. స్వాతంత్ర్యానికి అనుకూలంగా ఓటు వేసింది జూలై 2నే అనీ, ఇకపై ఊరేగింపులతో, దీపాలతో పండగ చేసుకోబోయేది ఆ జూలై 2నే అని ఆడమ్స్ తన భార్య అబిగెయిల్‌కు ఉత్తరం రాశాడనీ విని వాడు, మా చిన్నోడు, తెగ సంబరపడ్డాడు. ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న. పాఠ్యానికి ఆమోదం దొరికిన తేదీ కాగితం మీద ఉంది కాబట్టి జూలై 4 నిలబడిపోయింది.

పెద్దది మాత్రం మరో చోట ఆగిపోయింది. ఆ ప్రకటనను జెఫర్సన్ రాసింది మార్కెట్ స్ట్రీట్ మీద ఒక అద్దె ఇంట్లో. ఆ ఇంట్లో ఆయనకు సేవ చేయడానికి వెంట తెచ్చుకున్న బానిస కుర్రాడు ఒకడున్నాడు, రాబర్ట్ హెమింగ్స్. జెఫర్సన్ భార్యకు వరసకు తమ్ముడే, ఒకే తండ్రి బిడ్డ. వయసు పద్నాలుగు. మనుషులందరూ సమానంగా పుట్టారని పై అంతస్తులో ఆయన రాస్తున్నప్పుడు, ఆయన బట్టలు సర్దుతున్నది ఈ పిల్లవాడు. జెఫర్సన్ జీవితకాలంలో ఆయన కింద 600 మందికి పైగా బానిసలుగా బతికారు. రాబర్ట్‌కు విడుదల దొరికింది 1794లో.

"నా వయసే కదమ్మా" అంది. తిరుగు ప్రయాణంలో చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఫ్రెడరిక్ డగ్లస్ ప్రసంగం తీసి చదివింది. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఆయన 1852 జూలై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో నిలబడి, మీ జూలై 4 బానిసకు ఏమవుతుంది అని అడిగాడు. పండగకు పిలిచినవాళ్ల ముందే అడిగాడు.

ఆ ప్రశ్న అడగడం నేర్పుతున్నందుకు ఇక్కడి బడుల మీద నాకు గౌరవం. ఇక్కడే మనలాంటి తల్లిదండ్రులకు ఒక పరీక్ష కూడా ఉంది. మన చరిత్ర దగ్గరికి వచ్చేసరికి పిల్లలకు మనం చెప్పేది దాదాపుగా ఒకటే కథ: తెల్లవాళ్లు వచ్చారు, దోచుకున్నారు, గాంధీగారు వచ్చారు, వాళ్లు వెళ్లిపోయారు. అందులో మనవాళ్లందరూ బాధితులు, లేదంటే వీరులు. అమెరికా తన గతాన్ని తవ్వుకుంటే మెచ్చుకుంటాం, మన గతం మాత్రం తుడిచి, బొట్టు పెట్టి చూపిస్తాం. పిల్లలు అది పసిగడతారు. పదిహేనేళ్లు వచ్చేసరికి మన మాట నమ్మడం మానేస్తారు. గొప్పలే విన్న పిల్లలకు మన దేశం మీద మిగిలేది మర్యాద మాత్రమేనని నా భయం, నాకు కావలసింది ప్రేమ.

అందుకే మా ఇంట్లో జూలై 4 కథల్లో నేను ముందు పెట్టేది కడవెండిని.

మా అమ్మ పుట్టిల్లు జనగామ వైపు. మా పిల్లలకు ఫోన్‌లో కొమరయ్య కథ చెప్పింది మా అమ్మే. "మా నాయిన చెప్తుండె బిడ్డా. దొర గడీ ముంగటికెల్లి పోవాలంటె చెప్పులు చేత పట్టుకోవాలె. నాగలి ఇడిసిపెట్టి గడీల వెట్టికి పోవాలె. కూలి లేదు, అడిగితె దెబ్బలు." మా చిన్నోడికి సగం అర్థమైంది, గడీ అంటే దొర కోటలాంటి ఇల్లని, మిగతా సగం అక్క చెప్పింది. దొర అంటే ఇంగ్లీషువాడా అని అడిగాడు. కాదు నాన్నా, మనవాడే, మన భాషే మాట్లాడేవాడు అని చెప్పాల్సి వచ్చింది.

అప్పుడది నిజాం రాజ్యం. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి చేతిలో వేల ఎకరాలు, పదుల కొద్దీ ఊళ్లు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పొలం కోసం ఎదురు నిలిచింది కూడా ఈ దొరకే. కడవెండిలో దొర తల్లి జానకమ్మ పెత్తనం. ఆంధ్ర మహాసభ ఊరూరా పెట్టిన సంఘాల్లో జనం చేరి, వెట్టి చేయబోమని తెగేసి చెప్పడం మొదలుపెట్టారు. 1946 జూలై 4న సంఘంవాళ్లు నినాదాలిస్తూ ఊరేగింపుగా వస్తుంటే గడీ మనుషులు తుపాకులు పేల్చారు. ముందు వరసలో ఉన్న కొమరయ్య చనిపోయాడు, సోదరుడు మల్లయ్య గాయపడ్డాడు. గొర్లు కాసుకునే కురుమల ఇంటి యువకుడు. ఆ చావుతో రాజుకున్నది తెలంగాణ సాయుధ పోరాటమై 1951 దాకా సాగింది. మా అమ్మవాళ్ల వైపు ఊళ్లకు 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం రాలేదు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబర్ 17న. ఇండియా డే పరేడ్‌లో ఈ సంగతి చెప్పేవాళ్లు నాకు ఇప్పటిదాకా కనబడలేదు.

మనవాడే మనవాణ్ని ఎందుకు కాల్చాడు అన్నది మా వాడి ప్రశ్న. దానికి నా దగ్గర పొట్టి జవాబు లేదు. భూమి, కులం, నిజాం సర్కారు దొరలకిచ్చిన అధికారం, ఒక్కొక్కటీ విప్పుతూ పోయాను. అన్నం చల్లారిపోయింది. అక్క మాత్రం ఒకే మాటతో పట్టుకుంది: "అక్కడ రాబర్ట్, ఇక్కడ వీళ్లు." రెండూ ఒకటి కావు, మనుషుల్ని అమ్మడం వేరు, వెట్టి వేరు అని చెప్పాను. చెప్పాలి కూడా, తేడాలు కలిపేస్తే ఇద్దరికీ అన్యాయమే. అయినా స్వేచ్ఛ అన్నప్పుడల్లా ఎవరికి అని అడగడం దానికి వచ్చేసింది. దాని తాతల నేల గురించి కూడా అదే అడిగింది. ఆ రాత్రి నాకు చాలా సంతోషం కలిగింది.

ఇదే రోజు గురించి ఇంకో సంగతి మాకు పక్కింటి నుంచి వచ్చింది. వాళ్లది ఫిలిప్పీన్స్. కొమరయ్య పోయిన ఆ 1946 జూలై 4నే మనీలాలో అమెరికా జెండా దింపి ఫిలిప్పీన్స్ జెండా ఎగరేశారు. అమెరికా తన స్వాతంత్ర్య దినాన్నే ఎంచుకుని వాళ్లకు స్వాతంత్ర్యం ఇచ్చింది. ఇచ్చినవాడి పండగ రోజే మన పండగ ఏమిటనుకున్నారేమో, 1962లో అధ్యక్షుడు మకపగాల్ దాన్ని జూన్ 12కి మార్చారు. 1898లో స్పెయిన్ నుంచి విడిపోయామని వాళ్లంతట వాళ్లు ప్రకటించుకున్న రోజు అది. పక్కింటి అమ్మమ్మ గారు చెబుతుంటే, అమెరికా కూడా ఒకప్పుడు ఇంకో దేశాన్ని ఏలిందని మా పిల్లలకు మొదటిసారి తెలిసింది.

మా వారిది భీమవరం వైపు. వాళ్లింట్లో జూలై 4 అంటే అల్లూరి జయంతే, అమెరికా సంగతి తర్వాత. ఆ పక్కనున్న మోగల్లు అల్లూరివారి సొంతూరు. 2022లో 125వ జయంతికి భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం పెట్టినప్పుడు మా మామగారు ఫొటోలు పంపారు. సినిమాల పుణ్యమా అని మా వాడికి సీతారామరాజంటే విల్లు, బాణం, ఒక్కడే వందమందిని కొట్టడం. తాతయ్య అంతకంటే మంచి కథ చెప్పారు. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండవాళ్ల పోడు సాగుకు అడ్డుకట్ట పడింది. తాతముత్తాతల అడవిలో కట్టె కొట్టినా నేరమే. రోడ్డు పనులకు బలవంతంగా తోలుకెళ్లి సరిగా కూలి ఇచ్చేవారు కాదు. కొండవాడు కాని ఒక యువకుడు వాళ్ల మధ్యకు వెళ్లి, వాళ్లలో ఒకడై, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లాడు. ఏమేం తీసుకెళ్లిందీ రాసి మరీ పెట్టాడు. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు కూడా తాతయ్య వదలకుండా చెప్పారు, అందుకు ఆయనకు నేను దణ్ణం పెడతాను. నాయకుడి పేరొక్కటే మిగిలి కొండవాళ్ల పేర్లు జారిపోవడం ఈ కథకు జరిగిన పెద్ద అన్యాయం. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును చెట్టుకు కట్టి కాల్చేశారు, విచారణ లేదు. 27 ఏళ్లు కూడా నిండలేదు.

కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం అనగానే మా పెద్దది తలెత్తి చూసింది. మన్యంలో, కడవెండిలో, జెఫర్సన్ ఎస్టేటు మాంటిచెల్లోలో అదే మాట. ఈసారి నేనేమీ చెప్పలేదు.

వివేకానందుల సంగతి క్లుప్తంగానే చెప్పుకుంటాం. షికాగో అందరికీ తెలుసు. ఆ ప్రయాణానికి ముందు, 1893 ఫిబ్రవరిలో, సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఆయన ఉపన్యసించారని చెబితే, హైదరాబాద్‌లో చదువుకున్న వాళ్ల నాన్నే ఆశ్చర్యపోయారు.

పింగళి వెంకయ్య గారి కథ చిన్నోడిది. వాడికి జెండాలంటే పిచ్చి. అమెరికా జెండాకు కొత్త నక్షత్రం ఎప్పుడు చేర్చినా ఆ మార్పు జూలై 4నే అమల్లోకి రావాలని 1818 చట్టం. హవాయి కోసం యాభయ్యో నక్షత్రం చేరింది 1960 జూలై 4న. అదే తేదీన, మూడేళ్ల తర్వాత, పోయిన మనిషి 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీగారికి జెండా నమూనా చూపించారు. అంతకు ముందే, 1916లో, దేశానికి ఎలాంటి జెండా ఉండాలో పుస్తకం వేశారు. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టి, దక్షిణాఫ్రికా యుద్ధానికి వెళ్లొచ్చి, పత్తి మీద పరిశోధనలు చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్నారు. చివరి రోజుల్లో పేదరికంలోనే గడిచిపోయారు. ఆ మాట దగ్గర మా వాడు ఒప్పుకోలేదు. "జెండా చేసినాయనకి డబ్బులు ఇవ్వలేదా నాన్నా?" అని వాళ్ల నాన్నను నిలదీశాడు. ఇవ్వాల్సింది అన్నారాయన.

కొందరు స్నేహితులు అడుగుతారు, ఇంత బరువు పిల్లల నెత్తిన ఎందుకు, ఆ రోజు హాట్‌డాగ్ తిని బాణసంచా చూడనివ్వొచ్చు కదా అని. చూస్తాం, ప్రతి ఏడూ చూస్తాం. ఈ దేశం మా పిల్లలది, ఆ వెలుగులు చూసి వాళ్లు పెట్టే కేకలు నిజమైనవి, వాటిలో నేనూ గొంతు కలుపుతాను. కథలు పొద్దున దోసెల దగ్గర, మధ్యాహ్నం ఫోన్‌లో, కొన్ని కారులో. బలవంతం లేదు. పెద్దది ఒక ఏడాది నాకు ఇప్పుడు వద్దమ్మా అంటే వదిలేశాను, రెండు వారాలకు అదే వచ్చి ఐలమ్మకు ఆ పొలం దక్కిందా అని అడిగింది. దక్కించుకుంది అని చెప్పాను.

ఈ 2026తో ప్రకటనకు 250 ఏళ్లు. మా ఊరి లైబ్రరీలో పిల్లలు స్వేచ్ఛ మీద రాసినవి గోడకు పెడుతున్నారు. మా అమ్మాయి రాసిన పేజీలో రెండు పేర్లున్నాయి, రాబర్ట్ హెమింగ్స్, దొడ్డి కొమరయ్య. కడవెండి అన్న పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో వాళ్ల అమ్మమ్మతో రెండుసార్లు పలికించుకుని మరీ రాసింది. మా వాడేమో అప్పుడే ఆగస్టు 2కి తయారవుతున్నాడు. ప్రకటన మీద ఎక్కువమంది సంతకాలు పెట్టిన 1776 ఆగస్టు 2కి సరిగ్గా వందేళ్లకు, 1876 ఆగస్టు 2న, వెంకయ్య గారు పుట్టారని వాడికి వాడే వెతికి పట్టుకున్నాడు. ఆ రోజు మా ఇంటి ముందు రెండు జెండాలూ పెట్టాలట, కేక్ మాత్రం జెండా పుట్టినరోజుకు కాదు, వెంకయ్య గారి పుట్టినరోజుకేనట.