శీర్షాభిముఖ కోణాల బిట్లు: వచ్చినట్టే ఉండి పోయే మార్కులు

నల్లగొండలోనో పాలమూరులోనో లైబ్రరీలో కూర్చుని టెట్ (టీచర్ అర్హత పరీక్ష)కు, ఎస్‌జీటీ (చిన్న తరగతుల టీచర్) పోస్టుకు చదివేవాళ్లను ఎవరినైనా అడగండి, "శీర్షాభిముఖ కోణాలా? సమానం" అని ఠక్కున చెప్తారు. అయినా బిట్ తప్పు పెడతారు. ఆ "సమానం"కు ముందున్న షరతును చూడకపోవడమే కారణం: ఎదురెదురు కోణాలను శీర్షాభిముఖ కోణాలు అనాలంటే ఖండించుకునేవి రెండు సరళరేఖలై ఉండాలి.

చౌరస్తానే తీసుకోండి. నాలుగు రోడ్లు కలిశాయి కదా అని ఎదురెదురు మూలలు సమానం కావు. ఇటు నుంచి వచ్చిన రోడ్డు వంకర పోకుండా అటు నేరుగా సాగితేనే అవుతాయి. ఒక బిందువు చుట్టూ వరుసగా 70, 100, 70, 120 డిగ్రీలు ఇచ్చాడనుకోండి. మొత్తం 360 సరిపోయింది, ఒక ఎదురు జత సమానంగా కూడా ఉంది. కానీ పక్కపక్కవి కూడితే 70 + 100 = 170. పది డిగ్రీలు తగ్గిందంటే అక్కడ గీత విరిగినట్టే. సరళరేఖే లేనప్పుడు శీర్షాభిముఖ కోణాలెక్కడివి? ఎదురు జతలు రెండూ సమానమైతే మాత్రం గీతలు నేరుగా ఉన్నట్టే.

నిరూపణ రెండు వరుసలే. కోణాలు వరుసగా క, చ, ట, త అనుకుంటే, క + చ = 180, చ + ట = 180; కాబట్టి క = ట. రెండుసార్లు వాడింది రేఖీయ ద్వయాన్నే, అంటే ఒక సరళరేఖ మీద పక్కపక్క కోణాలు రెండూ కలిస్తే 180 అన్నదాన్నే. ఇది చేతిలో ఉంటే సూత్రం మరిచిపోయినా నష్టం లేదు.

ఎక్కువమంది జారేది సమీకరణం దగ్గర. (3ఎక్స్ + 10), (5ఎక్స్ − 30) శీర్షాభిముఖ కోణాలు అంటే సమానం చేయాలి: ఎక్స్ = 20, కోణం 70. తొందరలో రెండూ కూడి 180 అని రాస్తే ఎక్స్ = 25 వస్తుంది. ఆప్షన్లలో 25 ఉండనే ఉంటుంది! వెనక్కి పెట్టి చూడండి: 85, 95. సమానం కాలేదు, అంటే దారి తప్పాం. ఇంకో చిక్కు, అడిగింది ఎక్సా, కోణమా, పక్క కోణమా అన్నది. ఇదే లెక్కకు 20, 70, 110 మూడూ ఆప్షన్లే. ఇప్పుడు టెట్ కంప్యూటర్‌లో కాబట్టి బొమ్మ మీద గీయలేం. రఫ్ పేపర్ మీద రెండు గీతలు అడ్డంగా వేసి, అడిగిన మూలకు చుక్క పెట్టుకోండి. 150 నిమిషాల్లో 150 బిట్లు, అయినా ఆ ఐదు సెకన్లు దండగ కాదు.

"నాలుగింటిలో మూడు కోణాల మొత్తం 290" అంటే ఎక్స్ అక్కర్లేదు. 360లోంచి తీసేస్తే నాలుగోది 70, దాని ఎదురుది 70, మిగతావి 110 చొప్పున. శీర్షాభిముఖ కోణాలు సంపూరకాలైతే (మొత్తం 180) ఒక్కోటి 90, పూరకాలైతే (మొత్తం 90) 45.

మెథడాలజీలో, అంటే బోధనా పద్ధతుల ప్రశ్నల్లో, బోధన సామగ్రి అడిగితే కత్తెర సరే, వక్కలు కోసే అడకత్తెర వద్దు. దాని మేకు ఒక చివర ఉండి కాళ్లు రెండూ ఒకే వైపుకు తెరుచుకుంటాయి, ఎదురు కోణమే ఏర్పడదు. కత్తెరకూ పిడులు వంపు తిరిగి ఉంటాయి కాబట్టి కొలిస్తే తేడా వస్తుంది. రెండు చీపురు పుల్లలను గుండుసూదితో మధ్యలో గుచ్చి తిప్పడమే మేలు. కోణమానినితో కొలిచిన పిల్లవాడు ఒకదానికి 70, ఎదురుదానికి 110 చెప్పాడంటే సూత్రం తప్పు కాదు, లోపలి స్కేలు బదులు బయటి స్కేలు చదివాడు.

మూడు రేఖలు ఒకే బిందువులో కలిస్తే జతలెన్ని అంటే మూడు అని పెట్టేస్తుంటారు. ప్రతి రెండు రేఖలకు రెండు జతలు. మూడు రేఖల్లో రెండేసి మూడు రకాలుగా తీయొచ్చు కాబట్టి 6. రెండు చిన్న కోణాలు కలిసిన పెద్ద కోణానికీ ఎదురుది ఉంటుందని మరిచిపోవడం వల్లే మిగతా మూడు జతలు లెక్కలోకి రావు.